రెండు హార్స్‌పవర్ మోటారూ, రమణమ్మ చెంబూ

ఇంటి ముందు బండి నిలబెట్టుకునే షెడ్డులో ఒక మూల పాలిష్ మిషను పెట్టుకుందామనుకునే వాళ్ళు ఈమధ్య నా దగ్గరికి బాగానే వస్తున్నారు. కొందరికి పాత మోటారు సైకిళ్ళ మీద మోజు. కొందరు ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు ఇత్తడి సామాన్లు మెరిపిద్దామనుకునేవాళ్ళు. అందరూ ఫోన్లో వీడియోలు చూసే వస్తారు. అడిగేది మాత్రం ఒకటే. "అన్నా, ఏ మిషను కొనాల?"

ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం. నిజమే, తెలుసు. కొనకూడనివన్నీ వరసపెట్టి కొన్నవాడికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? నా పేరు ఖాదర్ బాషా. ఊరు నాయుడుపేట. మోకాళ్ళూ ఊపిరీ ఒకేసారి మొరాయించడంతో పని మానేశాను. ఇప్పుడు షెడ్డులో కుర్చీ వేసుకొని కూర్చొని, వచ్చినవాళ్ళకు సలహాలు ఇస్తుంటాను. పని చేతకానప్పుడు మనిషికి సలహాలు బాగా వస్తాయి.

మిషన్ల సంగతి చెప్పాలంటే ఒక చెంబు సంగతి కూడా చెప్పాలి. పెన్న ఒడ్డున ఉన్న సంగం ఊళ్ళో రమణమ్మ అనే రైతు ఇంటి ఆమె నన్ను నమ్మి ఇచ్చిన ఇత్తడి చెంబు అది. దాని మీద వాళ్ళ అమ్మ పేరు ఉండేది. నా మిషను దాన్ని చెరిపేసింది. మిషను అని ఎందుకనాలి, నేనే చెరిపాను.

నాయన కళాయి

మా నాయన ఇత్తడి గిన్నెల లోపల తగరం పూసి కళాయి వేసేవాడు. సైకిలు వెనక కొలిమి తిత్తి, సంచిలో తగరం, నవసారం, పాత దూది. ఊరి మధ్యలో ఒక నీడ చూసుకొని గుంట తవ్వి నిప్పు చేసేవాడు. ఆడవాళ్ళు గిన్నెలు, బిందెలు తెచ్చి చుట్టూ పెట్టేవాళ్ళు. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకొని, తిరగేసి, దాని మీద కొట్టించిన పేరు పైకి చదివి, "ఇది మీదేనామ్మా" అని అడిగి, అవునంటేనే పని మొదలుపెట్టేవాడు. మన వైపు ఇత్తడి సామాను పెళ్ళిళ్ళకూ చావులకూ ఇల్లిల్లూ తిరుగుతుంది. పేరు చూసుకొనే మళ్ళీ ఇంటికి చేరుతుంది. కళాయి వాడు గిన్నె మార్చాడన్న మాట ఒకసారి పుడితే ఆ ఊరు ఇంక అతనికి లేనట్టే. నాయనకు రాత రాదు, చదవడం మాత్రం గిన్నెల మీద నేర్చుకున్నాడు.

నాకు ఆ పొగా మసీ నచ్చలేదు. నాయన లోపల తెల్లగా చేసేవాడు, నేను బయట మెరిపిస్తానన్నాను. అదేదో పెద్ద తేడా అన్నట్టు మాట్లాడాను. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి హైవే పక్కన సుందరం మేస్త్రి వర్క్‌షాపులో చేరాను.

సుందరం మేస్త్రి

మేస్త్రి తడ అవతల నుంచి వచ్చినవాడు. తెలుగు, అరవం కలిపి తిట్టేవాడు. మంచి పనివాడు, కానీ పని నేర్పించడంలో అంత పిసినారిని నేను చూడలేదు. పాలిష్ సబ్బులన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. చివరి మెరుపు పెట్టేటప్పుడు గోడ వైపు తిరిగి, మాకు వీపు చూపించి పెట్టేవాడు. పదకొండేళ్ళు ఆయన వీపు చూసే నేర్చుకున్నాను.

ఒక్కటి మాత్రం దాచలేదు. ఏ సామాను వచ్చినా మిషను ఆన్ చేసే ముందు కళ్ళు మూసుకొని దాన్ని అంతా చేత్తో తడమమనేవాడు. "ఏది పోవాల, ఏది పోగూడదు, ముందు చెయ్యికి తెలియాలరా" అనేవాడు. మాకది నాటకంలా ఉండేది. ఆయన అటు తిరగ్గానే మేము కూడా కళ్ళు మూసుకొని ఒకరి ముఖం ఒకరు తడుముకొని నవ్వుకునేవాళ్ళం.

సొంతంగా ఇంటి షెడ్డులో మిషను పెట్టుకుంటానని చెప్పినప్పుడు ఆయన కోప్పడలేదు. "అర హార్స్‌పవర్ చాలు. నిదానంగా తిరిగేది తీసుకో. ఇరుసు రెండు పక్కలా పొడుగ్గా ఉండాల, లేదంటే బిందె పోయి మోటారు ఒంటికి తగలతాది. పెద్దది కొనబాక" అన్నాడు.

నేను పైకి వస్తానని కుళ్ళుకుంటున్నాడనుకున్నాను. పదకొండేళ్ళలో ఆ మనిషి ఉచితంగా ఇచ్చిన సలహా అదొక్కటే. దాన్ని కూడా అనుమానించాను.

పచ్చ రంగు మోటారు

చెన్నై వైపు ఒక వర్క్‌షాపు మూసేస్తున్నారని తెలిసి వెళ్ళాను. అక్కడ పచ్చ రంగు వేసి, వరుడిలా నిలబెట్టిన మోటారు ఒకటి కనిపించింది. రెండు హార్స్‌పవర్. నిమిషానికి రెండు వేల ఎనిమిది వందల చుట్లు. ఇద్దరు మనుషులు లేపలేకపోయారు. లేపలేకపోవడమే దాని గొప్పతనం అనిపించింది నాకు. ఆటోలో ఎక్కించుకొని ఊరేగింపుగా ఇంటికి తెచ్చాను.

స్విచ్చి వేయగానే వీధిలో బల్బులు మసకబారాయి. పక్కింటావిడ చట్నీ గిన్నెతో గోడ దగ్గరికి వచ్చింది.

"బాషా, నీ మిషను ఆడితే మా మిక్సీ తిరగడంలా. మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పు నాయనా, నేను ముందే రుబ్బుకుంటా."

అప్పటి నుంచి రోజూ పొద్దున "అక్కా, వేస్తా ఉండా" అని కేకేసి స్విచ్చి వేసేవాణ్ణి. ఆమె "ఉండు, పచ్చడుంది" అంటే ఆగేవాణ్ణి. రెండు హార్స్‌పవర్ యజమానిని, పచ్చడి కోసం కాచుకొని కూర్చునేవాణ్ణి.

మొదటి వారంలోనే ఆ మిషను నా లుంగీ లాక్కుంది. చక్రం కింది వైపు సామాను పెట్టి వంగి ఉన్నాను. లుంగీ కొస చిక్కింది, చుట్టుకుంది, పోయింది. కళ్ళు మూసి తెరిచేలోగా నేను బనీనుతో నిలబడి ఉన్నాను. లుంగీ చక్రానికి పట్టి దబదబా గోడకు కొట్టుకుంటోంది. స్విచ్చి నా వెనక, తలుపు పక్కన పెట్టించుకున్నాను. అక్కడ అందంగా ఉంటుందని. నా భార్య జరీనా చప్పుడు విని వచ్చి ఆపింది. నన్నొకసారి, గోడనొకసారి చూసింది.

"లుంగీతో పోయింది. చెయ్యి పోయుంటే ఎవరు పెడతారు నీకు కూడు?" అంది. ప్యాంటు తెచ్చి నా మీదకు విసిరింది.

కాబట్టి ఇది రాసుకోండి. లుంగీ వద్దు, కండువా వద్దు, వదులు చొక్కా వద్దు, వేళ్ళకు ఉంగరాలు వద్దు. చేతి గ్లోవ్సు కూడా తిరిగే చక్రం దగ్గర పనికిరావు. స్విచ్చి మీ చెయ్యి అందే చోట, సామాను వదలకుండానే కొట్టగలిగే చోట ఉండాలి. సామానును చక్రం నడుముకు కింద తగిలించాలి. పట్టు తప్పినా అది కిందికి పోతుంది, ముఖానికి రాదు.

ముక్కుకు మాస్కు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, మగవాడికి తక్కువనుకున్నాను. సాయంత్రం చీదితే నల్లగా వచ్చేది. జరీనా ఆరేసిన బట్టల మీద నల్లటి జిడ్డు పొడి పడేది. ఆమె బట్టల తాడును మిద్దె మీదికి మార్చింది. నా ఊపిరితిత్తులకు మిద్దె లేకపోయింది.

చక్రాలు, సబ్బులు

మోటారు కంటే చక్రం ముఖ్యం. ఈ మాట వీడియోల్లో ఎవరూ చెప్పరు, మోటారు కనిపించినంత బాగా చక్రం కనిపించదు కదా. మూడు రకాలు చాలు. గీతలు కోసెయ్యడానికి నార చక్రం. సాపు చెయ్యడానికి కుట్లు వేసిన గుడ్డ చక్రం. చివరి మెరుపుకు కుట్లు లేని వదులు గుడ్డ చక్రం. సబ్బు కడ్డీలు కూడా అంతే, గోధుమరంగుది కోతకు, ఆకుపచ్చది స్టీలుకు, ఎర్రది ఇత్తడి చివరి మెరుపుకు. ఒక చక్రానికి ఒకే సబ్బు. నేను పొదుపు చేద్దామని ఒకే చక్రానికి మూడూ రుద్దాను. స్టీలు గిన్నె మీద పిల్లి గీరినట్టు గీతలు వచ్చాయి. అది కొత్త డిజైనని చెప్పి గిన్నె గల ఆయన్ను నమ్మించబోయాను. ఆయన నమ్మలేదు.

పూత వేసిన సామాను తాకకండి. ఒకసారి బంగారంలా ఉన్న దీపం సెమ్మె వస్తే ఇత్తడే అనుకొని రుద్దాను. కాసేపటికి కింద ఇనుము పలకరించింది. ముందే అయస్కాంతం పెట్టి చూడాల్సింది. షెడ్డులో అన్నిటికంటే చవకైన పనిముట్టు అదే, నేను అన్నిటికంటే చివర కొన్నదీ అదే.

ఇంత జరుగుతున్నా నాకు పేరు మాత్రం వచ్చింది. శ్రీహరికోటలో ఉద్యోగం చేసే ఒకాయన ఇంట్లో పెళ్ళికి గంగాళాలు మెరిపించి ఇచ్చాను. మా మామ అది విని, రాకెట్లకు పాలిష్ పెట్టేది మా అల్లుడేనని బజారంతా చెప్పాడు. రాకెట్టు ఎగిరిన రోజుల్లో టీ కొట్టు దగ్గర నన్ను మర్యాదగా చూసేవాళ్ళు. నేను కాదనలేదు. గంగాళం కూడా గుండ్రంగానే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ పొగరు మీద ఉన్నప్పుడే చెంబు వచ్చింది.

చెంబు

సంగంలో కొత్త ఇళ్ళకు స్టీలు రెయిలింగులు బిగించే కాంట్రాక్టరు దగ్గర పాలిష్ పని దొరికింది. రెండు మూడు నెలలకొకసారి బస్సెక్కి పోయి నాలుగు రోజులు ఉండి వచ్చేవాణ్ణి. అక్కడ శ్రీనివాసులు అనే రైతు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. రమణమ్మ ఆయన తల్లి. మెట్ల రెయిలింగు మెరుపు చూసి ఆమెకు ముచ్చటేసింది. గృహప్రవేశానికి ఇంట్లో ఇత్తడంతా మెరిపించి ఇమ్మని గోతంలో వేసి ఇచ్చింది. చెంబు మాత్రం గోతంలో వెయ్యలేదు. చేతికి ఇచ్చింది.

"అయ్యన్నీ నీ ఇష్టం బాషా. దీన్ని మాత్రం చూసి చెయ్యి. మాయమ్మది. మెడ కింద ఆమె పేరుండాది, పెంచలమ్మ అని. నాకు చదువు రాదు. బొటనేలు పెడితే తెలస్తాది, ఈడుందని. ఆమెది ఫొటో గూడా లేదు నాయనా. ఇదొకటే."

"ముప్పై ఏళ్ళ పనోణ్ణి, నాకు చెప్పాల్నామ్మా" అన్నాను. అప్పటికి పనిలో చేరి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు.

ఇంటికి తెచ్చాక ముందు బిందెలూ పళ్ళేలూ చేశాను. నార చక్రం, గోధుమరంగు సబ్బు. బాగా కుదిరింది. పని బాగా కుదిరిన రోజే భయపడాలని ఇప్పుడు తెలుసు. చక్రం మార్చకుండానే చెంబు తీసుకున్నాను. కళ్ళు మూసుకొని తడమలేదు. అది మేస్త్రి షెడ్డులో కూలివాడు చేసే పని, నేను యజమానిని. మెడ కింద చిలుము పట్టి ఉంది. నొక్కాను. పోలేదు. ఇంకొంచెం నొక్కాను.

ఇక్కడొక మాట. చిన్న మోటారు మీద గట్టిగా నొక్కితే అది మూలుగుతుంది, నిదానిస్తుంది, చివరికి ఆగిపోతుంది. కొనేటప్పుడు అది లోపంలా కనిపిస్తుంది. కానీ అది మన చెయ్యి పట్టుకొని చాలు అనడం. నా రెండు హార్స్‌పవర్‌కు చాలు అనడం రాదు. నేను ఎంత నొక్కితే అంతా తినేసింది.

గుడ్డ పెట్టి తుడిచాను. చిలుము పోయింది. చెంబు మెడ కింద నా ముఖం కనిపించింది, మీసాలతో సహా. పేరు కనిపించలేదు.

చెంబును వెలుతురుకు పెట్టి చూశాను, ఏటవాలుగా పెట్టి చూశాను, బయటికి తీసుకుపోయి చూశాను. ఎన్నో ఏళ్ళు చింతపండుతో, బూడిదతో తోమి తోమి అరిగిన పేరు చుక్కలవి. వాటికి నార చక్రం ఒక లెక్క కాదు. మిషను ఆపి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

అప్పుడు చెయ్యాల్సింది ఒకటే, పోయి చెప్పడం. నేను ఇంకోటి చేశాను. కాంక్రీటు మేకు ఒకటి తీసి అదే మిషనుకు సానరాయి తగిలించి కొన సాన పెట్టాను. చుక్కలు చుక్కలుగా పేరు కొట్టడం నేర్చుకుందామని పాత గిన్నె మూత తీసుకొని సాధన చేశాను. మధ్యాహ్నానికి మూత నిండిపోయింది. జరీనా అన్నానికి పిలవడానికి వచ్చి ఆ మూత చూసింది. ఆమెకు చదువు వచ్చు.

"ఎవురీ పెంచలమ్మ?" అంది.

మొగుడు పని మానేసి ఒక ఆడమనిషి పేరు ఇరవైసార్లు చెక్కుకుంటూ కూర్చుంటే ఏ భార్య అయినా అదే అడుగుతుంది. జరిగింది చెప్పాల్సి వచ్చింది.

"పోయి చెప్పేసేయి ఆయమ్మకు."

"చెబితే పరువు పోదా?"

"చెప్పకపోతే ఏందో ఉంటాదన్నట్టు" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను పేరు కొట్టాను. గుర్తున్న చోటనే, గుర్తున్న సైజులోనే. చూడ్డానికి బాగానే కుదిరింది. నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

దొంగా, చేతకానివాడా

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు తీసుకుపోయాను. ఇంటి నిండా చుట్టాలు. బిందెలు బయటికి తీస్తుంటే అందరూ చుట్టూ చేరి మెచ్చుకున్నారు. రమణమ్మ చెంబు తీసుకుంది. దాని మెరుపు వైపు చూడలేదు. బొటనవేలు మెడ కిందికి పోయింది. ఆగింది. మళ్ళీ రాసింది.

"ఇది మాయమ్మ చెంబు గాదు" అంది.

శ్రీనివాసులు చెంబు తీసుకొని చూశాడు. "పేరుండాది గదమ్మా. పెంచలమ్మ అనే ఉండాది."

"ఉంటే ఉండనీ. వేలికి గుచ్చుకుంటా ఉండాది. మాయమ్మ చెంబు గుచ్చుకోదు. మార్చినాడు."

అందరూ నా వైపు చూశారు. పాత ఇత్తడి బరువుంటుంది, దాన్ని అమ్ముకొని తేలికది పెట్టే వాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు. మా నాయన జన్మంతా ఊరి మధ్యలో పేర్లు పైకి చదివింది ఈ మాట పడకుండా ఉండటానికే. నేను దొంగనైనా కావాలి, చేతకానివాణ్ణయినా కావాలి. ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవడానికి నాకు పట్టిన సమయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మూడో దారి ఏదైనా ఉందేమోనని వెతికాను. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"చెంబు అదేనమ్మా" అన్నాను చివరికి. "పేరు నేను కొట్టింది. పాతది నా మిషనుకు పోయింది. నీకు చెప్పడానికి మొగం చెల్లక ఇట్ట చేసినా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చెంబును ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. శ్రీనివాసులు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"దీన్ని తీసెయ్."

"ఏందమ్మా?"

"నువ్వు కొట్టింది. తీసెయ్. ఆమెది గానిది ఆమె చెంబు మీద ఎందుకు? ఉత్తగా ఉండనీ."

"ఇంటికి తీసకపోయి నున్నగా..."

"ఇంటికి గాదు. ఈడనే, నా ముందర. మిషను గాదు, చేత్తో."

చేత్తో

ఎమిరీ గరుకు కాగితం సంచిలో ఉంది. చింతపండు, పొయ్యి బూడిద, పాత చీర ముక్క ఆమే ఇప్పించింది. అరుగు కింద కూర్చున్నాను. నా మేకు చుక్కలు లోతుగా దిగాయి, పనితనం చూపించాను కదా. ఎంత రుద్దినా పోవు. పెళ్ళి చూపులకు వచ్చినట్టు చుట్టాలు వచ్చి చూసి పోతున్నారు. మధ్యాహ్నం అయింది. ఆమె భోజనానికి లేవలేదు, నన్నూ లేవనివ్వలేదు. మధ్యలో మాట్లాడుతూ ఉంది. నాతోనో, చెంబుతోనో నాకు తెలియలేదు.

"మొదటి పంట ఇంటికొచ్చిన ఏడు నెల్లూరు పోయి కొన్నారంట. కొట్టాయన పేరు కొట్టడానికి ఎవరి పేరని అడిగితే మా నాయన తన పేరు చెప్పబోయినాడంట. మాయమ్మ, ఎత్తుకొచ్చేది నేను, తోమేది నేను, నా పేరే కొట్టమనింది. పెళ్ళాం పేరు నోటితో చెప్పడానికి మా నాయనకు సిగ్గు. మాయమ్మే చెప్పిందంట, అంగట్లో నిలబడి, గట్టిగా."

మళ్ళీ, "నాట్ల కాడికి దీంట్లోనే మజ్జిగ తెచ్చేది. నాకు పదేళ్ళప్పుడు పోయింది" అంది.

మొదటిసారి ఆ పేరు పోవడం నాకు తెలియనే లేదు. రెండోసారి ఒక్కొక్క అక్షరం పోవడం వేళ్ళకు తెలిసింది. చివరి నుంచి రుద్దుకుంటూ మొదటి అక్షరం దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను. ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

పొద్దు వాలే వేళకు అయింది. ఆమె బొటనవేలితో రాసి చూసింది. నున్నగా ఉంది.

"పేరు గుర్తుండాదా నీకు?"

"ఉండాదమ్మా."

"చెప్పు."

"పెంచలమ్మ."

"ఇంక ఎప్పుడీ ఊరొచ్చినా మా వాకిట్లో నిలబడి ఆ పేరు చెప్పి పో. చెంబు మీద లేదు, ఎవరో ఒకరు చెప్పాల గదా. నేను చెప్పుకుంటే నాకు నా గొంతే వినపడతాది."

కోపంలో అన్నదనుకున్నాను. తర్వాతిసారి వెళ్ళినప్పుడు వేరే వీధిలో నుంచి తప్పించుకు తిరిగాను. రెండో రోజు నేను రెయిలింగు రుద్దుతున్న చోటికి ఆమే వచ్చింది. "చెప్పకుండా పోతా ఉండావే" అంది. కూలీలందరి ముందు "పెంచలమ్మ" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పదేళ్ళకు పైగా చెప్పాను. ఆకుకూరలమ్మే వాడిలా గేటు బయట నిలబడి "పెంచలమ్మ" అనేవాణ్ణి. లోపల నుంచి "ఊ, విన్నా" అని వినపడేది. అంతే. ఒక్కోసారి ఆగమని మజ్జిగ ఇచ్చేది, ఆ చెంబుతోనే. కొత్త కూలీలు నన్ను చూసి, ఎండకు బుర్ర తిరిగిందని అనుకునేవాళ్ళు. నేనూ మొదట్లో జరిమానా కడుతున్నట్టే చెప్పేవాణ్ణి. ఎప్పుడు మారిందో తెలియదు గానీ, కొన్నాళ్ళకు సంగం బస్సు దిగగానే ఆ పేరు దానంతటదే నోటికి వచ్చేది.

మరి ఏది కొనాలి

అర హార్స్‌పవర్ మోటారు, నిదానంగా తిరిగేది, పొడుగు ఇరుసుది. మూడు చక్రాలు, మూడు సబ్బులు, విడివిడిగా డబ్బాల్లో. మోటారు సైకిలు సందుల్లోకి డ్రిల్లు మిషనుకు తగిలించే చిన్న గుడ్డ చక్రాలు. నాలుగు నంబర్ల ఎమిరీ కాగితం. అయస్కాంతం. మాస్కు. గాలి బయటికి పోయే కిటికీ. ప్యాంటు.

రెయిలింగులు చెయ్యాలంటే తప్ప చేత్తో పట్టుకొని తిప్పే గ్రైండరుకు పాలిష్ చక్రం పెట్టి గిన్నెల జోలికి పోకండి. పేరున్న సామాను, చెక్కడం ఉన్న సామాను మిషను దగ్గరికే తీసుకుపోకండి. చేత్తో చెయ్యండి, లేదంటే చెయ్యనని చెప్పి పంపండి. సామాను గల మనిషి దాన్ని ఎక్కడ పట్టుకుంటున్నారో చూడండి. పోగూడనిది అక్కడే ఉంటుంది. పచ్చ మోటారును చెంబు ఇచ్చి సంగం నుంచి వచ్చిన నెలలోనే అమ్మేశాను. పక్కింటావిడ పండగ చేసుకుంది. సుందరం మేస్త్రికి చెబుదామని వెళితే ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లోపలికి పోయి, ట్రంకు తాళం తీసి, ఎర్ర సబ్బు కడ్డీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు.

పెన్న దగ్గర నుంచి

పోయినేడాది ఎండాకాలంలో రమణమ్మ కాలం చేసింది. తెలిసి వెళ్ళాను. వాకిట్లో నిలబడ్డాను గానీ పేరు చెప్పలేదు. వినేవాళ్ళు లేరు కదా, ఇంక ఆ పని అయిపోయిందనుకున్నాను. తిరుగు బస్సులో బరువు దిగినట్టుంటుందనుకున్నాను, ఉండలేదు.

ఈ ఏడు పెద్దల అమావాస్య రోజు పొద్దున ఫోను మోగింది. శ్రీనివాసులు. రెయిలింగు తుప్పు పట్టిందేమో, పని మానేశానని ఎలా చెప్పాలా అనుకుంటూ ఎత్తాను. అవతల మనుషుల మాటలు, నీళ్ళ చప్పుడు.

"బాషా అన్నా, పెన్నలో ఉండాం. పెద్దలకు నీళ్ళు వదలతా ఉండా. అయ్యవారు అమ్మమ్మ పేరు అడగతా ఉండాడు. మాయమ్మ ఉన్నన్నాళ్ళు ఆమె చూసుకునేది. మాకు అమ్మమ్మ అనే తెలుసు. నువ్వు వాకిట్లో చెప్పేది వినేవాణ్ణి గానీ, చెవిన పెట్టలా. ఇంట్లో ఎవురికీ తెలవడంలా అన్నా. చెంబు ఈడనే ఉండాది, దాని మీద..."

అక్కడ ఆగిపోయాడు. చెంబు మీద ఎందుకు లేదో ఇద్దరికీ తెలుసు.

"పెంచలమ్మ" అన్నాను.

"నీళ్ళ చప్పుడుకి వినపళ్ళా. ఇంకోసారి, గట్టిగా చెప్పన్నా."

నేను లేచి నిలబడ్డాను. గట్టిగా చెప్పాను. శ్రీనివాసులు అయ్యవారికి చెప్పాడు. అయ్యవారు ఆ పేరును మంత్రంలో కలిపి చదివాడు, శ్రీనివాసులు ఆయన వెనకే అన్నాడు. చేతుల్లోంచి నీళ్ళు నీళ్ళల్లో పడిన చప్పుడు వినపడింది. మూడుసార్లు.